తప్పు సమాధిపై సిలువ: న్యూగ్రేంజ్ రాతి సమాధి, ఐర్లండు సంఘపు జ్ఞాపకము

ఐర్లండు దేశపు తూర్పు భాగమున, మీత్ కౌంటీలో, బోయిన్ అను నది ఒక పెద్ద వంపు తిరిగి సముద్రము వైపు సాగిపోవుచున్నది. ఆ వంపు లోపల, పచ్చిక బయళ్ళ నడుమ, ఒక మెరక మీద న్యూగ్రేంజ్ అను గొప్ప రాతి సమాధి ఉన్నది. ఇది క్రీ.పూ. 3200 ప్రాంతములో కట్టబడినది. అనగా ఈజిప్టులోని గీజా మహా పిరమిడ్ కంటె సుమారు 600 సంవత్సరములు పాతది. అబ్రాహామునకు మనము సాధారణముగా చెప్పుకొను కాలము కంటె 1000 సంవత్సరములకు పైగా పాతది. దీనికి చేరువలోనే నౌత్, డౌత్ అను మరి రెండు పెద్ద సమాధి దిబ్బలు ఉన్నవి. ఈ ప్రదేశమంతటిని 1993లో యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

రాతియుగపు మనుష్యుల సమాధితో తెలుగు సంఘ కాపరులకు ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. పని ఉన్నది. సువార్త వినకముందే మరణించిన పితరుల సంగతి ఏమిటి అను ప్రశ్న మన సంఘములలో ప్రతి కాపరికిని ఎదురగుచున్నదే. ఐర్లండు సంఘము ఈ ప్రశ్నను కేవలము సిద్ధాంత గ్రంథములలో ఎదుర్కొనలేదు. తన పొలముల మధ్యనే నిలిచియున్న ఈ దిబ్బలను చూచుచు, సుమారు 1500 సంవత్సరములుగా ఎదుర్కొనుచు వచ్చినది. వాటిని గూర్చి కొన్ని కథలు చెప్పుకొన్నది. ఆ కథలలోని సంగతులు జరిగినవని మేము వాదించబోవుట లేదు. కాని వాటిని చెప్పుకొన్న సంఘము చరిత్రకు చెందినది గనుక, అవి చరిత్ర విద్యార్థికి పనికివచ్చును.

నది దాటి

2023 మే మాసములో డబ్లిన్ నగరములోని తెలుగు విశ్వాసుల కూటములకు వెళ్ళిన సందర్భమున, మేము ఒక దినము ప్రత్యేకించుకొని ఈ సమాధిని చూడబోయాము. నగరమునకు ఉత్తరమున సుమారు 50 కిలోమీటర్ల ప్రయాణము. సందర్శకుల కేంద్రము నదికి దక్షిణపు ఒడ్డున ఉన్నది, సమాధి ఉత్తరపు ఒడ్డున ఉన్నది. కాలినడక వంతెన మీదుగా నది దాటి, అక్కడినుండి చిన్న బస్సులో వెళ్ళవలెను. ఎవరికి వారుగా సమాధి యొద్దకు పోవుటకు వీలులేదు. మే నెల గనుక పొలముల చుట్టునున్న ముళ్ళకంచెలు తెల్లగా పూసియున్నవి. ఆవులు మేయుచున్నవి. సన్నని వాన పడుచునే ఉన్నది. ఈ నదిని, ఈ రెండు ఒడ్డులను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత వీటితో పని పడును.

దిబ్బ అడ్డుకొలత సుమారు 85 మీటర్లు, ఎత్తు సుమారు 13 మీటర్లు. అడుగున చుట్టును 97 పెద్ద రాళ్ళు వరుసగా పేర్చబడినవి. వాటిలో అనేకముల మీద చుట్టలు, వలయములు, పలకల వంటి ఆకారములు చెక్కబడియున్నవి. ద్వారము ముందు అడ్డముగా పరుండియున్న రాయి వీటన్నిటిలో పేరుపొందినది. దాని మీది మెలికల చుట్టలకు అర్థమేమో చెప్పిన పండితులు చాలామంది ఉన్నారు గాని, వారిలో ఇద్దరు ఒక మాట మీద నిలిచినట్టు మాకు కనబడలేదు. ద్వారమునకు ఇరుప్రక్కల నిలువుగోడవలె కనబడు తెల్లని పలుగురాళ్ళు దక్షిణాన ఉన్న విక్లో కొండల నుండియు, వాటి మధ్య పొదిగిన గ్రానైట్ గుండ్లు ఉత్తరపు కొండల ప్రాంతము నుండియు తేబడినవి. అయితే ఆ తెల్లని గోడ ఇప్పుడున్న రూపమున నిలబెట్టబడినది ఇరువదవ శతాబ్దములోనే. నేలమీద పడియున్న రాళ్ళను చూచి త్రవ్వకముదారులు ఊహించిన రూపమది. అది సరియైన ఊహయేనా అని నేటికిని వాదము నడుచుచున్నది. ఛాయాచిత్రములలో చూచి మురిసిపోవువారు ఈ సంగతి ఎరిగియుండుట మంచిది.

దిబ్బలో రెండు లక్షల టన్నుల రాయి, మట్టి ఉండునని ఒక అంచనా. కట్టినవారికి లోహము తెలియదు, చక్రము తెలియదు. వారు పొలము దున్ని, పశువులను మేపుకొని బ్రదికిన రైతులు. మాకు అన్నిటికంటె ఆశ్చర్యము కలిగించినది ఆకారము కాదు, పైకప్పు. లోపలి గది కప్పు ఒక రాతిమీద ఇంకొక రాతిని కొంచెము కొంచెముగా లోపలికి జరుపుచు పేర్చి, 6 మీటర్ల ఎత్తున ఒకే రాతితో మూయబడినది. సున్నము లేదు, సిమెంటు లేదు. రాళ్ళ సందులలో కాల్చిన మట్టి, సముద్రపు ఇసుక కూరబడినవి. కప్పు రాళ్ళ పైభాగమున వాననీరు ప్రక్కకు జారిపోవునట్లు కాలువలు చెక్కబడినవి. ఆ కాల్చిన మట్టిలోని బొగ్గును పరీక్షించియే కట్టడపు కాలము నిర్ణయించారు. 5000 సంవత్సరములు గడచినను ఆ గది కారుట లేదు. పదేండ్లు తిరుగకుండనే మన మందిరపు శ్లాబులు కారుచుండుటను ఎరిగిన మేము ఈ మాట విని ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము.

లోపల

నడవ పొడవు 19 మీటర్లు. రెండు చోట్ల రాళ్ళు లోపలికి ఒరిగియుండుటచేత వంగి, ప్రక్కకు తిరిగి వెళ్ళవలెను. మాలో స్థూలకాయుడైన ఒక సహోదరుడు కొంత శ్రమపడ్డాడు. లోపల ఫోటోలు తీయనివ్వరు. గదికి ఎదుట ఒకటి, ఇరుప్రక్కల రెండు, మొత్తము మూడు గూళ్ళు ఉన్నవి. గూళ్ళలో తొట్టివలె తొలిచిన వెడల్పాటి రాళ్ళు ఉన్నవి. చనిపోయినవారి అస్థికలను వీటిలో ఉంచియుందురని తలంపు.

మైఖేల్ ఓకెల్లీ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు 1962 నుండి 1975 వరకు ఇక్కడ త్రవ్వకములు జరిపించారు. ద్వారమునకు పైన ఒక చిన్న రాతి గవాక్షము ఉన్నదని ఆయన గుర్తించారు. చలికాలములో సూర్యుడు సమాధిలోనికి వచ్చునని ఆ చుట్టుపట్ల జనులు చెప్పుకొనెడివారు. 1967 డిసెంబరు 21న, సంవత్సరములో అతి చిన్న పగటి దినమున, ఆయన తెల్లవారక మునుపే లోపల కూర్చుండి ఆ మాట నిజమని కనుగొన్నారు. నడవ నేల క్రమముగా పైకి లేచుటచేత, ద్వారము గుండా వచ్చు వెలుగు గదిని చేరదు. గవాక్షము గుండా వచ్చు కిరణము మాత్రమే గది నేలను తాకును. అది సుమారు 17 నిమిషములు ఉండును. నేడు సూర్యోదయమైన దాదాపు నాలుగు నిమిషములకు కిరణము లోపలికి వచ్చుచున్నది. భూమి వంపులో నెమ్మదిగా వచ్చిన మార్పును లెక్కించినయెడల, కట్టిన కాలములో సరిగ్గా ఉదయించు క్షణముననే వచ్చియుండవలెను. ఆ దినములలో లోపల నిలువగోరు వేలమందిలో కొద్దిమందిని చీటీలు వేసి ఎన్నుకొనుచున్నారు. తక్కిన దినములలో వెళ్ళువారికి దీపములార్పి, విద్యుత్ దీపముతో ఆ కిరణమును చూపింతురు. మేము చూచినది అదియే.

దీపములు ఆరిన ఆ నిమిషములో ఎవరును మాటలాడలేదు. తరువాత మా మార్గదర్శిని ఒక సంగతి చెప్పినది. కిరణము జీవించియున్నవారి కొరకు ఏర్పాటు చేయబడినది కాదు. ద్వారము రాతితో మూయబడి, గవాక్షము మాత్రమే తెరువబడియుండెడిది. లోపల వెలుగును అందుకొనినవారు చనిపోయినవారే.

వారెవరు? త్రవ్వకములలో దొరకిన ఎముకల తునకలు కనీసము ఐదుగురు మనుష్యులవి. కొన్ని కాల్చబడినవి, కొన్ని కాల్చబడనివి. 1699 నుండి సమాధి తెరువబడియుండుటచేత మొదట ఎందరివి ఉన్నవో చెప్పుటకు ఆధారము మిగులలేదు. 2020లో డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు చెందిన లారా కాసిడీ, డాన్ బ్రాడ్లీ మొదలగువారు ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధనను ప్రచురించారు. ఒక పురుషుని పుర్రె ఎముకలోని డి.ఎన్.ఏ.ను పరీక్షింపగా, అతని తలిదండ్రులు అన్నాచెల్లెండ్రో, లేక కన్నవారు, బిడ్డలో అయియుండవలెనని తేలినది. ఐగుప్తు రాజకుటుంబములలోవలె ఇది దైవాంశ సంభూతులమని చెప్పుకొన్న రాజుల ఆచారము కావచ్చునని వారు సూచించారు. లోకమంతటను వార్తాపత్రికలు ‘న్యూగ్రేంజ్ రాజు’ అని వ్రాసినవి. అయితే 2025లో ‘యాంటిక్విటీ’ పత్రికలో మరికొందరు పండితులు దీనిని ప్రశ్నించారు. ఒక్క ఎముక ముక్కను బట్టి రాజవంశమును కట్టుట తగదని, ఇతర సమాధులలో దొరకినవారితో అతనికున్న బంధుత్వము బహు దూరపుదని, ఎముకలన్నియు కలగలిపి ఉంచబడినచోట ఒకనిని ప్రత్యేకించి హెచ్చించుటకు ఆధారము లేదని వారి వాదము. మాకు ఈ రెండవ వాదమే బలమైనదిగా తోచుచున్నది. లేవీయకాండము 18వ అధ్యాయమును తెరచి ఆ మనుష్యుని తలిదండ్రులకు తీర్పు చెప్పుటకు తొందరపడువారు, ఆదికాండము 20వ అధ్యాయములో శారాను గూర్చి అబ్రాహాము చెప్పుకొనిన సంగతి కూడ ఒకసారి చదువుకొందురు గాక.

పేరు ఎక్కడిది?

న్యూగ్రేంజ్ అను పేరు సమాధిది కాదు. అది సంఘము ఇచ్చిన పేరు. 1142లో స్థాపింపబడిన మెల్లిఫాంట్ ఆశ్రమము ఐర్లండులో సిస్టర్షియన్ సన్యాసుల మొదటి మఠము. ఆ మఠమునకు చెందిన వ్యవసాయ క్షేత్రములను ‘గ్రేంజ్’ అనెడివారు. ఈ నేల అందులో ఒకటి, కొత్త గ్రేంజ్. సన్యాసులు దిబ్బ చుట్టును దున్నుకొని, గొఱ్ఱెలను మేపుకొని, దిబ్బను మాత్రము ముట్టక విడిచిపెట్టారు. భయముచేతనో, గౌరవముచేతనో, అంత పెద్ద రాళ్ళను కదల్చు ఓపిక లేకనో, వారు వ్రాసిపెట్టలేదు. 1699లో చార్లెస్ క్యాంప్‌బెల్ అను భూస్వామి బాట వేయుటకు రాళ్ళు తీయించుచుండగా పనివారికి ద్వారము కనబడినది. ఆ సంవత్సరముననే వేల్సు పండితుడైన ఎడ్వర్డ్ లూయిడ్ వచ్చి చూచి దానిని వర్ణించాడు.

సమాధి మరువబడియున్న కాలమున కూడ జనులు దానిని గౌరవించుచునే ఉన్నారు. దిబ్బ ముందు రోమా చక్రవర్తుల నాణెములు, బంగారు ఆభరణములు దొరకినవి. అవి కానుకలుగా ఉంచబడినవని పండితుల అభిప్రాయము. రోమా సైన్యము ఐర్లండును ఎన్నడును జయింపలేదు. కనుక ఎవరో సముద్రము దాటి వచ్చియో, అటు పోయి వచ్చియో, 3000 సంవత్సరములు గడచిన సమాధికి కానుక తెచ్చియుండవలెను. ఐరిష్ పురాణములలో ఇది దాగ్దా, అతని కుమారుడైన ఎంగుస్ అను దేవతల ఇల్లు. మన తెలుగు ప్రాంతములలో ఇనుప యుగపు రాతి సమాధులను ‘రాకాసి గుళ్ళు’ అని జనులు పిలుచుట పాఠకులకు తెలిసినదే. అక్కడను అంతే. కట్టినవారి జ్ఞాపకము పోయినప్పుడు దేవతలు గాని రాకాసులు గాని ఆ చోటును ఆక్రమింతురు. ఈ పోలికను మొదట గమనించినవారిలో ఒకడు ఫిలిప్ మెడోస్ టేలర్. నిజాం ప్రభుత్వపు కొలువులో దక్కనులో చాలాకాలము పనిచేసి, తరువాత డబ్లిన్ ప్రాంతమున నివసించిన ఈయన, దక్కనులోని రాతి సమాధులను గూర్చి రాయల్ ఐరిష్ అకాడమీ పత్రికలో వ్రాశాడు. అయితే మన సమాధులు న్యూగ్రేంజ్ కంటె దాదాపు 2000 సంవత్సరములు తరువాతివి. రెంటిని ఒకే జాతివారు కట్టిరని ఆ కాలపు పండితులు ఊహించిరి గాని, దానికి ఆధారము లేదు.

సన్యాసులకు బైబిలు తెలియును గనుక వారు బైబిలు వెలుగులో ఈ దిబ్బలను చదివారు. స్థలముల పేర్లను వివరించు మధ్యయుగపు కథలలో డౌత్ దిబ్బను గూర్చి ఒకటి ఉన్నది. బ్రెసల్ అను రాజు నిమ్రోదు గోపురమును పోలిన గోపురమును ఆకాశమునంటునట్లు కట్టింపబూనెను. జనులు ఒక్క దినము మాత్రమే పనిచేయుటకు ఒప్పుకొనిరి. రాజు సహోదరి మంత్రబలముచేత సూర్యుని నిలిపివేసెను. కాని రాజు ఆమెతోనే పాపము చేయుటచేత మంత్రము చెడి చీకటి కమ్మెను, పని నిలిచిపోయెను. చీకటి అను మాట నుండియే ఆ దిబ్బకు పేరు వచ్చినదని కథ. బాబెలు గోపురము, యెహోషువ కాలమున నిలిచిన సూర్యుడు, ఈ రెండును ఒక అన్యుల సమాధి మీదికి ఎక్కినవి. 2020 నాటి పరిశోధకులు ఈ కథను కూడ తమ వ్యాసములో ప్రస్తావించారు. అన్నాచెల్లెండ్ర సంగతి 4000 సంవత్సరములు నోటిమాటగా నిలిచియుండునా? మేము నమ్మలేకున్నాము.

సిలువ ఆకారము

ఒక నడవ, మూడు గూళ్ళు. పైనుండి గీసిన పటములో లోపలి భాగము సిలువవలె కనబడును. చీకటిలోనికి వెలుగు వచ్చుట డిసెంబరు మాసమున, క్రిస్మస్‌కు నాలుగు దినములు ముందు. ఈ రెండు సంగతులు చెప్పినంతనే మాలో ఒకరికి ప్రసంగము సిద్ధమైపోయినది. ఇటువంటి ప్రసంగములను మేమును విన్నాము. క్రీస్తు రాకముందు 3000 సంవత్సరములకే అన్యులు సిలువను గీసి, లోకమునకు వెలుగైనవాని కొరకు కనిపెట్టిరట. వినుటకు ఇంపుగా ఉండును. కాని మూడు గూళ్ళు గల గది సిలువ కాదు. అది మూడు గూళ్ళు గల గది. రోమీయులు మనుష్యులను మ్రానికి వ్రేలాడదీయుటకు పూర్వము ఆ ఆకారమునకు మనము చెప్పు అర్థము ఎవరి మనస్సులోను ఉండుటకు అవకాశము లేదు.

ఈ పొరపాటు మన నేలమీదను జరిగినది. గోదావరి పరీవాహక ప్రాంతపు అడవులలో, రాతి సమాధుల దగ్గర సిలువవలె చెక్కబడిన పెద్ద నిలువురాళ్ళు పందొమ్మిదవ శతాబ్దములో ఆంగ్లేయుల దృష్టికి వచ్చినవి. వాస్తు చరిత్రకారుడైన జేమ్స్ ఫెర్గూసన్ 1872లో ప్రచురించిన తన గ్రంథములో వాటిని క్రైస్తవ చిహ్నములుగా భావించాడు. అవి నిజముగా క్రైస్తవుల సిలువలైనయెడల తెలుగు సంఘ చరిత్ర అంతయు తిరిగి వ్రాయవలసి వచ్చెడిది. కాని అవి ఇనుప యుగపు సమాధులకు చెందిన మానవాకార శిలలని నేటి పురావస్తు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. చేతులు చాచిన మనిషి రూపములవి. ఎవరో తమవారిని తలంచుకొని నిలిపిన మనిషి రూపమును మనము లాగికొని మన గుర్తుగా చేసికొనుట వారికి మేలు చేయుట కాదు.

వెలుగు సంగతిలో మాకు సాక్షి పాట్రిక్ భక్తుడే. ఐదవ శతాబ్దమున ఐర్లండులో సువార్త ప్రకటించిన ఈయన స్వయముగా వ్రాసిన గ్రంథములు రెండు మాత్రమే మిగిలియున్నవి. వాటిలో ‘ఒప్పుకోలు’ అను గ్రంథపు చివరి భాగమున ఆయన సూర్యుని ప్రస్తావించాడు. కనబడు సూర్యుడు దేవుని ఆజ్ఞచేత దినదినము ఉదయించును గాని అది ఏలదనియు, దానిని పూజించువారికి శిక్ష తప్పదనియు, తాము నమ్మునది నశింపని నిజమైన సూర్యుడగు క్రీస్తునేననియు దాని భావము. ఆయన మాట కఠినమైనదే. అయినను రెండు సూర్యులను ఆయన ఒకటిగా కలుపలేదు. సువార్తకు వంతెన వేయవలెనను ఉత్సాహములో మనము ఆయనకంటె తేలికగా మాటలాడుచున్నామేమో చూచుకొనవలెను.

మూడు కథలు

మొదటిది కార్మక్ మాక్ ఆర్ట్ అను రాజు కథ. సుమారు 1100 నాటి వ్రాతప్రతిలో, సమాధి స్థలముల చరిత్రను చెప్పు భాగమున ఇది ఉన్నది. పాట్రిక్ రాకమునుపే ఏక దేవుని నమ్మిన ముగ్గురిలో కార్మక్ ఒకడట. తారా రాజులందరు బోయిన్ ఉత్తరపు ఒడ్డున, ఈ దిబ్బల చోటనే పాతిపెట్టబడుట ఆచారమని కథకుని తలంపు. అక్కడ పాతిపెట్టబడినవారు పూజించిన దేవుని నేను పూజింపలేదు గనుక నన్ను అక్కడ ఉంచవద్దు, దక్షిణపు ఒడ్డున రాస్‌నరీలో తూర్పుముఖముగా ఉంచుడని కార్మక్ ఆజ్ఞాపించెను. అతడు చనిపోయిన తరువాత సేవకులు ఆలోచించుకొని, పితరుల యొద్దనే ఉంచుట మర్యాద అని శవమును ఎత్తిరి. మూడు మారులు ఎత్తిరి. మూడు మారులును నది పొంగి దారినియ్యలేదు. అప్పుడు రాజు మాట మీరుట తప్పని గ్రహించి రాస్‌నరీలోనే పాతిపెట్టిరి. మేము కాలినడకన దాటిన నది అదే. సందర్శకుల కేంద్రమున్న ఒడ్డు కార్మక్ ఒడ్డే.

ఈ కథ చెప్పినవాడు పితరులను ద్వేషించినవాడు కాడు. ఆ సమాధి స్థలములను, అక్కడి రాజులను అతడు ఎంతో శ్రద్ధతో లెక్కించాడు. అయినను విశ్వాసి పితరుల ప్రక్కన పడుకొనడు, నది అడ్డము వచ్చును. తన తండ్రి సమాధి ఊరి పొలిమేరలో ఒకచోట, తన సమాధి క్రైస్తవుల దొడ్డిలో మరియొకచోట ఉండునని ఎరిగిన మన మొదటితరపు విశ్వాసులకు ఈ నది వెడల్పు ఎంతో తెలియును. తల్లి శవమును ఏ ఒడ్డుకు మోయవలెనో తెలియక వీధిలో పెట్టుకొని అన్నదమ్ములు వాదులాడుకొన్న దినములు మన సంఘములలో లేకపోలేదు.

రెండవది తీరెఖాన్ అనునతడు ఏడవ శతాబ్దము చివరిలో వ్రాసిన పాట్రిక్ చరిత్రలోనిది. పాట్రిక్ తన శిష్యులతో పోవుచు 120 అడుగుల పొడవుగల ఒక సమాధిని చూచెను. ఇంత పొడవైన మనుష్యుడు ఉండునా అని శిష్యులు సందేహింపగా, పాట్రిక్ ప్రార్థించి ఆ మృతుని లేపెను. అతడు గొప్ప రాజు కాడు, పందుల కాపరి. నూరు సంవత్సరముల క్రిందట చంపబడినవాడు. ఒక్క గడియయైనను నన్ను బాధల నుండి లేపితిరని కృతజ్ఞత చెప్పి, మీతోకూడ నడిచి వత్తునని అడిగెను. నీ ముఖము చూచి జనులు భయపడుదురు గనుక రావలదు, పరలోకపు దేవుని నమ్మి బాప్తిస్మము పొందుము, నీవున్న చోటికి మరల పోవని పాట్రిక్ చెప్పెను. అతడు బాప్తిస్మము పొంది, విశ్వాసము ఒప్పుకొని, మరల సమాధిలో పరుండెను. వేదాంతపరముగా దీనిని సమర్థించుట మా వలన కాదు. కాని అన్యుడైన తన తాతను సంఘము ఎంతగా తలంచుకొనినదో ఈ కథలో కనబడుచున్నది. అతనిని లేపుటకు మనసున్నది గాని, తనతో నడువనిచ్చు ధైర్యము లేదు.

మూడవ కథ చిన్నది, ఆ గ్రంథములోనే దీని వెంబడి వచ్చును. పాట్రిక్ రెండు కొత్త సమాధులను చూచెను. ఒకదాని మీద సిలువ ఉన్నది. ఆగి, అందులోనివానిని ఎవరవని అడుగగా, నేను అన్యుడనని జవాబు వచ్చెను. మరి నీ మీద సిలువ ఎందుకున్నది? ప్రక్క సమాధిలోనివాడు క్రైస్తవుడు, తెలివిలేనివాడొకడు అతని సిలువను నా మీద నాటినాడు. పాట్రిక్ ఆ సిలువను పెరికి, దాని స్థానమున నాటి వెళ్ళిపోయెను. అంతే. అన్యుని తిట్టలేదు, లేపలేదు, అతని గతి ఇదియని చెప్పలేదు. అతనిది కానిదానిని అతని మీదినుండి తీసినాడు. మూడింటిలోను మాకు ఇదే నిజాయితీగల కథగా తోచుచున్నది.

మా సంఘములో సమాధుల పండుగనాడు, సున్నము కొట్టి పూలుపెట్టిన సమాధుల నడుమ, ఒక వృద్ధ విశ్వాసురాలు మమ్మును అడిగినది: “అయ్యగారూ, మా అవ్వ సువార్త ఇనకముందే పోయింది. ఆమె సమాధికాడ గూడా కొవ్వొత్తి పెట్టొచ్చా?” ఆమె అవ్వ సమాధి గుట్టమొదటనున్న ఒక రాళ్ళకుప్ప. పెట్టుమని చెప్పాము. ఆమె అడిగినది కొవ్వొత్తిని గూర్చి కాదని మాకు తెలియకపోలేదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము, పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయము, ఏథెన్సులో పౌలు చేసిన ప్రసంగము మన విద్యార్థులందరు పరీక్షలకు చదువుకొన్నవే. ఆ వాక్యములతో అవ్వను పరలోకములోనికి చేర్చినవారిని చూచాము, నరకములోనికి త్రోసినవారిని చూచాము. ఉభయులును ఆమె పేరు అడుగలేదు.

ఆ సాయంకాలము మేము న్యూగ్రేంజ్ నుండి పడమరగా స్లేన్ కొండకు వెళ్ళాము. 1512 నాటి ఫ్రాన్సిస్కన్ మందిరపు శిథిలములు, చుట్టును సమాధులు ఉన్నవి. తారా రాజు ఆజ్ఞకు విరోధముగా పాట్రిక్ తన మొదటి ఈస్టరు అగ్నిని వెలిగించినది ఇక్కడనేనని సంప్రదాయము. సంవత్సరము 433 అని చెప్పుదురు. ఈ వృత్తాంతమును ఏడవ శతాబ్దములో ముయిర్ఖూ అనునతడు వ్రాశాడు. అయితే అతడు కొండ అనలేదు, స్లేన్ అనలేదు. ఫీక్ మనుష్యుల సమాధులు అన్నాడు. ఆ స్థలము ఇదేనా అని కొందరు పండితులు సందేహించుచున్నారు. పాట్రిక్ గుడారము వేసి పునరుత్థానపు పండుగ ఆచరించుటకు ఎన్నుకొనిన స్థలము అన్యుల పాత సమాధి స్థలమని మాత్రము ఆ పేరే చెప్పుచున్నది. ఆ సమాధులను ఒక యజమానుని దాసులు త్రవ్విరట. యజమానుని పేరు ముయిర్ఖూ వ్రాసిపెట్టాడు. దాసుల పేర్లు అతనికి అందలేదు.